ధాన్యమా, బియ్యమా? - సరుకుల వర్గీకరణమును గూర్చి

మన సంఘముల పుస్తకములలో "వరి" యను నొక్క మాట మూడు వస్తువులకు వాడబడుచున్నది. చేలోనున్న పైరును వరియే, కళ్లమునందలి ధాన్యమును వరియే, కొందరు గుమాస్తాల వ్రాతలో మిల్లునుండి వచ్చిన బియ్యమును వరియే. ఇంటిలో మాటలాడుకొనునప్పుడు దీనివలన హాని లేదు. కాని యీ మాట సంఘపు పుస్తకమునుండి మండలమునకును, జిల్లాకును, రాష్ట్రమునకును పోయి యంకెగా మారిన పిమ్మట, ఆ యంకె దేనిని గూర్చినదో చెప్పువారుండరు. నూరు క్వింటాళ్ల వరి యనగా నూరు క్వింటాళ్ల ధాన్యమా, బియ్యమా? రెంటికిని తూకములో మూడవ వంతు భేదము గలదు. సరుకులను లెక్కించువారు వానిని ఏ రీతిగా విభజించి పేరు పెట్టుదురో, అందువలన రైతునకు కలుగు లాభనష్టములెట్టివో యీ పాఠమున వివరింపదలచితిమి.

ముందుగా ఒక యుదాహరణము. భారత ప్రభుత్వమువారి పంట లెక్కలలో వరి బియ్యముగా చెప్పబడును. 2023-24 సంవత్సరపు పంటను 1,378.25 లక్షల టన్నులని ప్రకటించిరి. ఐక్యరాజ్య సమితికి చేరిన ఆహార వ్యవసాయ సంస్థవారు ఆ పంటనే ధాన్యముగా చెప్పుదురు. మూడుపాళ్ల ధాన్యమునకు రెండుపాళ్ల బియ్యమను లెక్కను బట్టి యది సుమారు 2,067 లక్షల టన్నులగును. ఈ రెండంకెలను వేర్వేరు దినములలో పత్రికయందు చదివినవాడు ఒకరు అబద్ధమాడిరనుకొనును. ఎవరును ఆడలేదు. ఒకరు కళ్లమువద్ద నిలిచి చూచిరి, మరియొకరు మిల్లు గుమ్మమువద్ద నిలిచి చూచిరి. అంతియే భేదము.

ఆదాము జంతువులన్నిటికిని పేర్లు పెట్టెనని బైబిలులో చదువుకొన్నారము. ఆయన పని సులభము; ఏనుగు మరునాటికి మరియొక జంతువు కాదు. రైతు సరుకు అట్టిది కాదు. అది చేతులు మారినకొలది రూపు మారును, రూపు మారినకొలది పేరు మారవలసియుండును. అందుచేత దేశములన్నియు గూడి కొన్ని పట్టికలను ఏర్పరచుకొన్నవి. 1948లో ఐక్యరాజ్య సమితివారు మొదట ఆమోదించినది పనుల పట్టిక: సేద్యము, గనులు, పరిశ్రమలు, వర్తకము అని మనుష్యులు చేయు పనిని అది విభజించును. ఆ పనులనుండి పుట్టిన సరుకులను, సేవలను విభజించుటకు వేరొక పట్టిక కావలసివచ్చెను. సెంట్రల్ ప్రాడక్ట్ క్లాసిఫికేషన్ అను ఆ పట్టికయొక్క తాత్కాలిక ప్రతి 1991లో అచ్చయినది. ఎల్లలు దాటి పోవు సరుకులకు హార్మొనైజ్డ్ సిస్టమ్ అను మూడవ పట్టిక 1988 జనవరి 1వ తేదీనుండి అమలులోనున్నది. మన రేవులలోని సుంకపు అధికారులు వాడునది యిదియే.

సరుకుల పట్టికలో సున్న మొదలు తొమ్మిది వరకు పది భాగములు గలవు. సున్న భాగము పొలము, అడవి, నీటినుండి వచ్చు వస్తువులది. రెండవ భాగములో ఆహారపదార్థములు, పానీయములు, వస్త్రములు మొదలగు తయారైన సరుకులు చేరును. ధాన్యము సున్నలో నుండును, బియ్యము రెండులో నుండును. పశువునుండి పితికిన పాలు సున్నలోను, శుద్ధిచేసి సీసాలకెత్తిన పాలు రెండులోను నుండును. వస్తువు స్వభావమెట్టిది, అది యే పనినుండి పుట్టినది అను రెండు ప్రశ్నలు వేసి స్థానమును నిర్ణయింతురు. ప్రతి సరుకునకును ఎక్కడనో యొకచోట స్థానముండవలెను, రెండుచోట్ల ఉండరాదు. ఎచ్చటను ఇమడనివానికై ప్రతి గదికిని చివర "ఇతరములు" అను అర యొకటి యుంచుదురు.

సుంకపు పట్టికలో వరికి 1006 అను సంఖ్య యీయబడినది. దానిలో 1006.10 ఊకతోనున్న ధాన్యము. 1006.20 ఊక మాత్రము తీసిన ముడి బియ్యము. 1006.30 పాలిషు చేసిన బియ్యము. 1006.40 నూకలు. ఇంతటితో ముగియలేదు. తవుడు 2302వ సంఖ్య క్రింద పశువుల మేతలతో చేరును. ఊక 1213వ సంఖ్య క్రింద గడ్డితో చేరును. ఒక్క బస్తా ధాన్యము మిల్లులో పోసిన నాలుగు సంఖ్యలుగా చీలిపోవుచున్నది. ప్రభుత్వమువారు మిల్లరులకు ధాన్యమిచ్చి బియ్యము తిరిగి పుచ్చుకొనునప్పుడు క్వింటాలునకు పచ్చి బియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు అడుగుదురు. తక్కిన ముప్పదిమూడు కిలోలు మాయము కాలేదు. వేరు పేర్లలోనికి పోయినవి. ఆ పేర్లను సంఘము వ్రాసికొననియెడల తవుడు, నూకల ధర యెవరి చేతిలో పడినదో తెలియదు.

పేరులోని భేదము ధరను ఎట్లు మార్చునో 2022 మొదలు 2025 వరకు జరిగిన సంగతులు చూపినవి. 2022 సెప్టెంబరు 9వ తేదీనుండి నూకల యెగుమతి నిషేధింపబడెను. అదేదినమున ధాన్యముపైనను, ముడి బియ్యముపైనను, బాస్మతి గాని తెల్ల బియ్యముపైనను నూటికి ఇరువది చొప్పున సుంకము విధింపబడెను. ఉప్పుడు బియ్యమునకు సుంకము లేదు. 2023 జూలై 20న బాస్మతి గాని తెల్ల బియ్యపు టెగుమతియే ఆపివేయబడెను. ఉప్పుడు బియ్యము పోవచ్చును. కాని ఆగస్టు 25న దానిపైనను ఇరువది వంతుల సుంకము వచ్చెను. తెల్ల బియ్యముపై నిషేధము 2024 సెప్టెంబరు 28న తొలగెను, నూకలపై నిషేధము 2025 మార్చిలో తొలగెను. ఒకే చేనిలో, ఒకే విత్తనముతో పండిన ధాన్యమును నానబెట్టి యావిరిపట్టి ఆడించిన నొక సంఖ్య, పచ్చిగా ఆడించిన నొక సంఖ్య. మొదటిదానికి కాకినాడ రేవు తెరచియున్నది, రెండవదానికి మూసియున్నది. ధాన్యము కొనువాడు ఏ మిల్లుకై కొనుచున్నాడో తెలిసినవాడే ఆ యేడు బేరము చక్కగా నాడగలిగెను.

ఈ పట్టికలు దైవదత్తములు కావు. మనుష్యులు కూర్చుండి వ్రాసినవి. కావున వానిలో సమత లేని చోట్లు గలవు. ఎండుమిరపకాయ 0904.21, దానిని దంచిన కారము 0904.22. కాని పసుపు కొమ్మైనను పొడియైనను 0910.30 ఒక్కటే. మన దేశమువారు దానికి వెనుక మరిరెండంకెలు చేర్చి పచ్చి, ఎండు, పొడి అని విభజించుకొన్నారు. చిరుధాన్యముల సంగతి మరియు విచిత్రము. జొన్నకు 1007 అను ప్రత్యేక సంఖ్య గలదు. రాగి, సజ్జ, కొఱ్ఱ, సామ - వీనికన్నిటికిని ప్రపంచపు పట్టికలో కలిపి యొకే గది. విత్తనము వేరు, తక్కినది వేరు అనుటకంటె అధిక విభాగము అచ్చట లేదు. దక్షిణ అమెరికా కొండలలో పండు కినోవాకు మాత్రము 2012లో 1008.50 అను సొంత సంఖ్య లభించెను. లోకములో ఎవరు అడిగిరో వారికి గది దొరికినదని తోచుచున్నది. గది లేని పంటకు లెక్కయుండదు. రాగులు ఇన్ని, కొఱ్ఱలు ఇన్ని దేశదేశముల మధ్య నడచెనని యా పట్టికనుబట్టి యెవరును చెప్పజాలరు.

పత్తిని చూడుడు. వడ్లనుండి ఊకను తీయుట పనుల పట్టికలో పరిశ్రమ. దాని సంఖ్య 1061. పత్తినుండి గింజను తీయుట 0163 క్రింద, కోతకు పిదప జరుగు సేద్యపు పనులలో చేరినది. రెండును యంత్రముతోనే, రెండును పొలమునకు దూరముగనే జరుగుచున్నవి. గింజ తీయనిదే పత్తి మొదటి సంతకు తగినది కాదని పట్టిక వ్రాసినవారి యూహ. మన ఆదిలాబాదు, గుంటూరు రైతు గింజతోనున్న పత్తినే సంతకు తెచ్చుచున్నాడు గదా! మద్దతు ధరయు దానికే చెప్పబడును. కాని దేశపు పంట లెక్క మాత్రము 170 కిలోల దూది బేళ్లలో చెప్పబడును. క్వింటాళ్ల భాషలో అమ్మినవాడు బేళ్ల భాషలో తన పంటను గుర్తింపలేకున్నాడు.

బెల్లము విషయమున నష్టము మరింత ప్రత్యక్షము. అనకాపల్లి ప్రాంతమున రైతు తన చెరకును తానే గానుగాడించి, తన పెనములోనే కాచి దింపుచుండును. అయినను సరుకుల పట్టికలో చెరకు సున్నలోను, బెల్లము రెండులోను గలవు. ఎవరు వండిరని పట్టిక యడుగదు. 2017లో సరుకులు, సేవల పన్ను వచ్చినప్పుడు, ముఖ్య స్వభావము మారక, రైతు సామాన్యముగా చేయు శుద్ధి మాత్రమే పొందిన దానిని వ్యవసాయోత్పత్తిగా నిర్వచించి, దానిని గోదాములో నిలువచేయు సేవకు పన్ను లేదనిరి. ఆ సంవత్సరము నవంబరు 15న బెల్లమును, పొట్టు తీసిన లేక బద్దచేసిన పప్పును ఆ నిర్వచనములోనికి రావని తెలిపిరి. మినుములు, సెనగలు గింజగా నున్నంతవరకు వ్యవసాయోత్పత్తియే. తిరుగలిలో పడినంతనే కాదు. 2019లో బెల్లమునకును పప్పులకును వేరుగా మినహాయింపునిచ్చి, 2022 జూలై 18నుండి బెల్లమునకు దానిని తీసివేసిరి. పెనమువద్ద చెమటోడ్చినవాడు రైతే గావున బెల్లమును వ్యవసాయోత్పత్తిగా ఎంచుట న్యాయమని మా యభిప్రాయము. అయినను సంఘపు గోదాము అద్దె లెక్క మా యభిప్రాయమును బట్టి కాక నిర్వచనమును బట్టియే వ్రాయవలసియున్నది.

ఇక సంఘ కార్యదర్శులు చేయదగిన పని. సరుకు పుస్తకములో పేరు ప్రక్కన స్థితి యను నొక గడి గీయుడు. వరియైన "ధాన్యము" లేక "బియ్యము", బియ్యమైన "పచ్చి" లేక "ఉప్పుడు". వేరుశనగయైన "కాయ" లేక "గింజ". ప్రత్తియైన "గింజతో" లేక "దూది". మిరపయైన "పచ్చి", "ఎండు", "పొడి". విత్తనమునకై యుంచిన ధాన్యమును తిండి ధాన్యముతో కలుపవలదు. సరుకుల పట్టికలో విత్తనము వేరు సరుకు. తేమను కొలిచినయెడల దానిని గూడ వ్రాయుడు. మద్దతు ధరకు కొనుటలో ధాన్యమునకు తేమ నూటికి 17 మించరాదను నియమము గలదు. పంటకోత ప్రయోగములందు సయితము ఐదు మీటర్ల చదరపు గడిని కోసి నూర్చి తూచిన పిమ్మట, కొన్నిచోట్ల ఆరబెట్టి మరల తూతురు. పచ్చి తూకమును ఎండు తూకముగా వ్రాసిన పంట కాగితముమీద పెరుగును.

గుమాస్తాలకు మరియొక మాట. తూచినదానినే వ్రాయుడు. ధాన్యమును తూచి, మనసులో మూడింట రెండు వంతులు చేసి బియ్యముగా వ్రాయవలదు. పైకార్యాలయమువారు ఆ మార్పును తామే చేయుదురు. మీరును చేసినచో నూరు క్వింటాళ్ల ధాన్యము నలుబదినాలుగు క్వింటాళ్ల బియ్యముగా తేలును. మిల్లునుండి వచ్చిన నూకలు, తవుడు, ఊకలకు మూడు వేరు పద్దులు తెరచి, తూకమును ధరను ఆనాడే యెక్కింపుడు.