సభ్యత్వ పుస్తకం ఎందుకు పలచబడుతోంది?



ప్రొద్దుటూరు అనగానే మీలో చాలామందికి కడప జిల్లాలోని బంగారు దుకాణాల పట్టణం గుర్తుకు వస్తుంది. ఈ వారం మన పాఠం ఆ ప్రొద్దుటూరు గురించి కాదు. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో, చేవెళ్ల, మొయినాబాదులకు పొరుగున మరో ప్రొద్దుటూరు ఉంది. ఆ గ్రామం గురించి, దాని చుట్టుపక్కల ఊళ్ళ గురించి మాట్లాడుకుందాం. కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపే ప్రాంతమిది. గత ముప్పై ఏళ్ళలో పొలాల మధ్య ఫాంహౌసులు, రిసార్టులు, ఇంజనీరింగు కళాశాలలు, విల్లాలు లేచాయి. శంకర్‌పల్లి 2018లో మునిసిపాలిటీ అయింది. ఊళ్ళో ఇళ్ళు పెరిగాయి, మనుషులు పెరిగారు. మరి ఊరి కోసం ఒక పూట పని చేసేవారు పెరిగారా?

ఏ సేవా సంఘం పెద్దనైనా అడిగి చూడండి. అది రోటరీ క్లబ్బు కావచ్చు, లయన్స్ క్లబ్బు కావచ్చు, వాసవీ క్లబ్బు కావచ్చు, పంచాయతీ కార్యాలయం పక్క గదిలో నడిచే యువజన సంఘం కావచ్చు. జవాబు మాత్రం ఒక్కటే. "కొత్తవాళ్ళు రావడం లేదండీ. పాతవాళ్ళమే మిగిలాం. ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు." ఈ మాటలో మొదటి రెండు వాక్యాలు నిజమే. మూడోది నిజమో కాదో నింపాదిగా పరిశీలించాలి. ఎందుకంటే రోగం ఒకటైతే మందు మరొకటి వేస్తున్నామేమో!

ముందుగా ఈ సంఘాలు ఎలా పుట్టాయో గమనించండి. 1905 ఫిబ్రవరి 23న చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురు మిత్రులతో కూర్చున్నాడు. పల్లె నుండి పట్నం వచ్చినవాడికి పలకరించే మనిషి కావాలి కదా, ఆ కొరతే వారిని కలిపింది. ఒక్కో వారం ఒక్కొక్కరి కార్యాలయంలో వంతులవారీగా కలుసుకునేవారు కనుక దానికి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. కొంతకాలం అది ఒకరి వ్యాపారానికి మరొకరు సాయపడే బృందంగానే నడిచింది. ఊరి కోసం వారు తలపెట్టిన మొదటి పని ఏమిటో తెలుసా? 1907లో, చికాగో నగరపాలక భవనం దగ్గర ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలని పూనుకున్నారు. గొప్పగా చెప్పుకునే పని కాదు, కానీ రోజూ వేలమందికి అక్కరకు వచ్చే పని. లయన్స్ సంస్థ 1917లో మొదలైంది. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన వారి మహాసభకు చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల పక్షాన నిలబడమని కోరింది. ఈనాడు మన పల్లెల్లో లయన్స్ పేరు చెబితే కంటి శిబిరం గుర్తుకు రావడానికి మూలం ఆ కోరికే.

సంఘం కట్టడం మనకు విదేశీయులు నేర్పిన విద్య అనుకోవద్దు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. తెలుగు చదువుకు ఆదరణ కరువైన ఆ రోజుల్లో పుస్తకాలు కూడబెట్టి పదిమందికి చదివించడమే వారి పని. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలిని స్థాపించి, అంటరానివారని సమాజం దూరం పెట్టిన కుటుంబాల మేలు కోసం నడుం కట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన జరిగింది. ద్వారం దగ్గర టిక్కెట్లు చూసే పని పద్నాలుగేళ్ళ దుర్గాబాయికి అప్పగించారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆ పిల్ల లోపలికి పోనివ్వలేదు. టిక్కెట్టు కొన్నాకే పంపింది! ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటూ అందరూ ఈ కథ చెబుతారు. నేను మెచ్చేది ఆమెకు ఆ పని అప్పగించినవారిని కూడా. చిన్నపిల్ల కదా అని మంచినీళ్ళ గ్లాసులు కడగమనలేదు. బాధ్యత ఇచ్చారు, ఆమె నిలబెట్టుకుంది. తర్వాత 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది ఆమెయే.

ఇక సభ్యుల సంఖ్య సంగతి. ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. ప్రపంచం మొత్తం మీద రోటరీ సభ్యుల సంఖ్య సుమారు ఇరవై ఏళ్ళపాటు 12 లక్షల దగ్గరే నిలిచిపోయింది. ఇక్కడ చేరినంతమంది అక్కడ మానుకున్నారన్నమాట. 2021-22లో ఆ సంస్థకు అధ్యక్షుడైన మన దేశస్థుడు శేఖర్ మెహతా, ప్రతి సభ్యుడూ ఒక కొత్త సభ్యుణ్ణి తేవాలని పిలుపునిచ్చి 13 లక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకోవలసి వచ్చింది. అమెరికాలో ఇలాంటి సంఘాలన్నీ ఎందుకు క్షీణించాయో రాబర్ట్ పుట్నమ్ అనే ఆచార్యుడు 2000లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. టీవీ ముందు కూర్చోవడం, తరాలు మారడం వంటి కారణాలెన్నో చెప్పాడు. వాటిలో ఒకటి ప్రొద్దుటూరు వారు తప్పక వినవలసినది. పనికి వెళ్ళిరావడానికి రోజూ అదనంగా పట్టే ప్రతి పది నిమిషాలకూ ఊరి వ్యవహారాల్లో మనిషి పాలుపంచుకోవడం పదో వంతు తగ్గుతుందని ఆయన లెక్క.

ఇప్పుడు మన ఊరి యువకుణ్ణి ఊహించుకోండి. పొద్దున్నే బండి మీద గచ్చిబౌలి వైపు వెళతాడు. రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో ఇల్లు చేరతాడు. మన సంఘం సమావేశం సాయంత్రం ఆరింటికి! పైగా అది గంటన్నర సాగుతుంది. అందులో గంట సేపు స్వాగతం, పరిచయం, పూలదండలు, శాలువాలు. ఆ పిల్లవాడికి సేవాభావం లేదని తీర్పు చెప్పే ముందు, ఆ గంటన్నరలో వాడు చేయడానికి ఏం మిగిల్చామో చూసుకోవాలి.

సేవాభావం చచ్చిపోలేదనడానికి సాక్ష్యం మన రోడ్డు మీదే ఉంది. అప్పా కూడలి నుండి చేవెళ్ల మీదుగా మన్నెగూడకు పోయే దారికి ఇరువైపులా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నట్టు లెక్క. జాతీయ రహదారి విస్తరణలో అవి పోతాయని తెలిసి, నగరం నుండి ఎందరో వచ్చారు. చెట్టు చెట్టునూ లెక్కపెట్టి, ఎక్కడ ఉందో నమోదు చేశారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. రోడ్డు వెడల్పు కావాలన్న చుట్టుపక్కల ప్రజల గోడు కూడా తక్కువది కాదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర బస్సు, టిప్పర్ ఢీకొన్న ఘోరం తలుచుకుంటే ఆ మాట కాదనలేము. ఎవరి పక్షం న్యాయమో తేల్చడం ఈ పాఠం పని కాదు. మనం గమనించవలసింది ఒక్కటే. సెలవు రోజు నిద్ర మాని నలభై కిలోమీటర్ల దారిలో చెట్లు లెక్కపెట్టినవారిని ఎవరూ సభ్యత్వ రుసుము అడగలేదు. వారికి పని కనబడింది, వచ్చారు.

2020 వేసవిలో కరోనా వేళ వలస కూలీలు రోడ్ల వెంట నడిచి పోతుంటే అన్నం పొట్లాలు, చెప్పులు పంచినవారిని మీరు చూసే ఉంటారు. వారిలో ఎంతమంది ఏ క్లబ్బు సభ్యులు? ఇక పల్స్ పోలియో సంగతి. రోటరీ 1985లోనే పోలియో మీద ప్రపంచవ్యాప్త ఉద్యమం చేపట్టింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో ఆదివారాలు మొదలయ్యాయి. దేశమంతా జరిపే ఒక్కో విడతలో సుమారు 23 లక్షల మంది 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసేవారు. 2011 జనవరి 13న నమోదైన కేసే మన దేశంలో చివరిది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. ఆ ఆదివారాల్లో ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు తోడుగా బూత్ దగ్గర కూర్చున్నవారికి పని ఏమిటో, ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. సాయంత్రానికి ఎంతమంది పిల్లలకు వేశామో అంకె కూడా తెలిసేది.

మరొక ఉదాహరణ మన ఇళ్ళలోనే ఉంది. ఊరి యువజన సంఘం బోర్డు తుప్పు పట్టింది గాని, మహిళల పొదుపు సంఘం సమావేశం ఆగిందా? 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత తెలుగునాట ఊరూరా బలపడిన ఈ సంఘాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అందులో ప్రతి స్త్రీకీ తన డబ్బు ఉంది, తన సంతకం ఉంది, తన వంతు ఉంది. ఒక్కరు రాకపోతే మిగతావారు ఇంటికి వెళ్ళి అడుగుతారు. మన క్లబ్బుల్లో ఒక సభ్యుడు మూడు నెలలు రాకపోతే ఎవరైనా వెళ్ళి తలుపు తట్టారా? చందా బకాయి కాగితం మాత్రం పంపుతాం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం పిలిచేది సభ్యులను, పనివారిని కాదు. పిలిచిన తర్వాత ఇచ్చేది కుర్చీ, బ్యాడ్జీ, ఒక ఫోటో. ఆస్పత్రిలో రోగికి రెండు అరటిపండ్లు ఇస్తూ పన్నెండుమంది ఫోటోకు నిలబడితే, ఆ పక్క మంచం మీద ఉన్న యువకుడు రేపు మన సంఘంలో చేరతాడా? రోగి ముఖం కన్నా దాతల ముఖాలు పెద్దవిగా ఉన్న ఫ్లెక్సీలు కూడా అంతే!

పెద్ద సంస్థలు తమ పద్ధతులు మార్చుకోక తప్పలేదు. రోటరీ 1989 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి అనుమతించలేదు. అంటే సగం ఊరిని గుమ్మం బయట నిలబెట్టి, సభ్యులు లేరని చింతించినట్టే కదా! వారం వారం హాజరు తప్పనిసరి అన్న నియమాన్ని కూడా 2016లో సడలించి, సమావేశాల విషయం క్లబ్బుల ఇష్టానికే చాలావరకు వదిలింది. మన ఊరి సంఘానికి అంత పెద్ద శాసన సభ అవసరం లేదు. ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

ఉదాహరణకు కంటి శిబిరమే తీసుకోండి. ఊళ్ళో ఒక పూట వైద్యులు వచ్చి చూస్తారు. శుక్లాలు ముదిరినవారిని ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆపరేషన్ అయ్యాక ఇల్లు చేర్చాలి. చుక్కల మందు వేళకు వేస్తున్నారో లేదో చూడాలి. మళ్ళీ చూపించే రోజున వెంట వెళ్ళాలి. మనం చేసేది సాధారణంగా మొదటిరోజు వేదిక మాత్రమే. మిగతా పనులు ఎవరివి? కొడుకులు నగరంలో ఉండి, ఊళ్ళో ఒంటరిగా మిగిలిన అవ్వకు అసలు సాయం కావలసింది ఆ మిగతా రోజుల్లోనే. చుక్కలు వేసే మనిషి లేక ఆమె కన్ను పాడైతే మన శిబిరం వల్ల ఆమెకు ఏం ఒరిగింది?

గచ్చిబౌలి వెళ్ళే యువకుడు సాయంత్రం ఆరింటి సభకు రాలేడు. కానీ పొద్దున బండి తీసే ముందు ఐదు నిమిషాలు పక్కవీధి అవ్వ ఇంట్లో ఆగి చుక్కలు వేయగలడు. కారు ఉన్న విల్లా కుటుంబం ఒక శనివారం ఇద్దరిని ఆస్పత్రికి తీసుకుపోగలదు. వారు మన సంఘం గురించి విననే లేదు, ఎందుకంటే మనం వారి గేటు దగ్గరికి వెళ్ళలేదు. మొయినాబాదు చుట్టూ ఉన్న కళాశాలల్లో ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఉంటారు. 1969లో మొదలైన ఆ పథకం కింద ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. వారు గంటల లెక్క కోసం మొక్కలు నాటి వెళ్ళిపోతున్నారని విసుక్కునే బదులు, రోగుల పట్టిక రాసే పని ఇవ్వండి.

ఒక నోటు పుస్తకం కొనండి. అది సభ్యత్వ పుస్తకం కాదు. మొదటి గడిలో పని, రెండో గడిలో ఆ పనికి పట్టే సమయం, మూడోది ఖాళీ. "గురువారం పొద్దున, పది నిమిషాలు, చుక్కల మందు" అని రాయండి. "నెలలో ఒక శనివారం, నాలుగు గంటలు, కారు" అని రాయండి. తర్వాత మైకులో ప్రకటించకుండా ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఈ ఒక్క పని చేస్తారా అని అడగండి. చేయలేనంటే ఏ పని, ఏ రోజు వీలవుతుందో అడిగి రాసుకోండి. పని ముగిశాక ఫలానా అవ్వకు చూపు వచ్చిందని ఆ మనిషికి తిరిగి చెప్పండి. రెండు మూడుసార్లు మూడో గడిలో పేరు పడినవారిని అప్పుడు సంఘానికి పిలవవచ్చు. చందా మాట ఆ తర్వాత. కార్యదర్శి కుర్చీలో పదేళ్ళుగా ఉన్నవారు ఆ పుస్తకం రాసే పని ఈ నెలే పాతికేళ్ళలోపు వారికి అప్పగించి, తమ పేరును కూడా ఏదో ఒక గురువారం ఎదురుగా రాయించుకోవాలి.