కరెంటు తీగలు, ఇంటర్నెట్ తీగలు ఒకే పైపులో వద్దు



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మనవాళ్లు చాలామంది కొత్త ఇళ్లు కట్టుకుంటున్నారు. పిల్లల చదువుకు ఇంటర్నెట్, ఇంటి భద్రతకు కెమెరా అవసరమయ్యాయి. గోడలో కరెంటుకు వేసిన పైపులోనే ఈ తీగలను కూడా లాగేస్తే ఖర్చు కలిసొస్తుందని కొందరు అనుకుంటారు. ఆ కొద్దిపాటి పొదుపులో ప్రాణాపాయం దాగి ఉంది.

'లో వోల్టేజి' అంటే ఏమిటి?

1956 నాటి భారత విద్యుత్ నియమాలు 250 వోల్టుల వరకు 'లో వోల్టేజి'గానే లెక్కించాయి. అంటే మన ఇంటి 230 వోల్టుల కరెంటు కూడా అందులోకే వచ్చేది. పేరులో 'లో' ఉన్నా అది మనిషి ప్రాణం తీయగలదు. టెలిఫోను లైనులో ఉండేది సుమారు 48 వోల్టులు. నెట్‌వర్క్ తీగ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాకు 57 వోల్టులు మించదు. ఇవి 'ఎక్స్‌ట్రా లో వోల్టేజి' కిందికి వస్తాయి.

కలిపితే ఏమవుతుంది?

ఇంటి వైరింగు తీగల పైతొడుగును సాధారణంగా 1100 వోల్టులకు తట్టుకునేలా తయారు చేస్తారు. ఇంటర్నెట్ తీగ తొడుగు అంత గట్టిది కాదు. లోడు ఎక్కువై కరెంటు తీగ వేడెక్కినా, లాగేటప్పుడు తొడుగు గీరుకుపోయినా 230 వోల్టులు పక్క తీగలోకి రావచ్చు. అప్పుడు కంప్యూటరుకు తీగ తగిలించే పిల్లవాడికే షాకు కొడుతుంది. పైగా మోటారు, మిక్సీ వేసినప్పుడల్లా ఇంటర్నెట్ సంకేతానికి అంతరాయం కలగవచ్చు.

పాటించవలసినవి

1. స్లాబు వేయకముందే, గోడ చెక్కేటప్పుడే ఇంటర్నెట్, కెమెరా తీగలకు వేరే పైపు, వేరే పెట్టె పెట్టించండి.
2. రెండు పైపుల మధ్య వీలైతే అడుగు ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటవలసి వస్తే అడ్డంగా, 90 డిగ్రీలలో దాటించండి.
3. ముందుముందు మరో తీగ లాగడానికి ఖాళీ పైపులో నైలాన్ తాడు వదలండి.
4. ఇప్పటికే కలిపి ఉంటే మీరు ముట్టుకోవద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆపించి, ఇంటర్నెట్ తీగను తీయించండి. దానిని గోడ పైన ప్లాస్టిక్ పట్టీలో నడిపించవచ్చు.
5. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. అయితే, అది ఉంది కదా అని తీగలు కలపవద్దు.

ఒక చిన్న లెక్క

మూడు లేక అంతకు మించి తీగలుంటే పైపు లోపలి వైశాల్యంలో 40 శాతమే నింపాలన్నది వాడుకలో ఉన్న నియమం. లోపలి వ్యాసం 20 మి.మీ., తీగ వ్యాసం 6 మి.మీ. అనుకుందాం. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. కనుక 20 × 20 = 400; అందులో 40 శాతం 160. తీగకు 6 × 6 = 36. 160ని 36తో భాగిస్తే 4.4. అంటే 4 తీగలే. ఇలాగే 25 మి.మీ.కు ఎన్ని పడతాయో విద్యార్థులు లెక్క కట్టండి.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ కోర్సులు చదివే పిల్లలు ఇళ్ల వైరింగుకు సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 732ను తప్పక చదవాలి. రేపు మీరు పనికి వెళ్లిన ఇంట్లో యజమాని "ఒకే పైపు చాలు" అన్నా, కారణం చెప్పి ఒప్పించండి. పైపు ఖర్చు ఒక్కసారిదే. ప్రాణం పోతే తిరిగి రాదు.