సిల్వరు గిన్నెయు విద్యుత్తును

మన ఇండ్లలో "సిల్వరు గిన్నె" అని పిలిచెడి పాత్రలో వెండి లేశమైనను లేదు. అది అల్యూమినియము. భూపటలములో ఇనుముకంటెను ఎక్కువగా దొరకు లోహమిది. అయినను ఒకప్పుడు దాని వెల వెండితో సమానము. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభపు కొనను సుమారు 2.8 కిలోల అల్యూమినియముతో చేయించుట ఆనాటికొక వింత. ఇంత విస్తారమైన లోహము ఏల అంత అరుదయ్యెను?

ఆక్సిజనుతో దానికి గల గాఢబంధమే కారణము. ఇనుప ఖనిజమునుండి ఆక్సిజనును బొగ్గు లాగుకొనగలదు. అల్యూమినా మాత్రము సాధారణపు కొలిమిలో బొగ్గునకు లొంగదు. తనంతట జరుగని చర్యను నడపవలెనన్న వెలుపలినుండి శక్తి నందీయవలెను. టార్చిలైటు ఘటములో రసాయనిక చర్య విద్యుత్తు నిచ్చును. విద్యుద్విశ్లేషణ ఘటములో విద్యుత్తే చర్యను నడుపును.

అట్లయిన అల్యూమినియము లవణమును నీటిలో కరగించి విద్యుత్తును పంపిన చాలదా? చాలదు. కాథోడువద్ద ఎలక్ట్రానులను గ్రహించుటలో నీరే ముందుండును. హైడ్రోజను బుడగలు వచ్చునే గాని లోహము రాదు. నీరు లేకుండ అల్యూమినానే కరగింతమన్న, సుమారు 2,050 డిగ్రీల సెల్సియసు వేడిమి కావలెను.

ఈ చిక్కును విడదీసినవాడు, అమెరికాలోని ఓబర్లిన్ కళాశాలలో 1885లో పట్టము పొందిన చార్లెస్ మార్టిన్ హాల్. ఇంటి వెనుకనున్న కట్టెలకొట్టమే అతని ప్రయోగశాల. బ్యాటరీలు స్వయముగా చేసికొన్నవి. రసాయనశాస్త్రము చదివిన అక్క జూలియా అతనికి తోడు. క్రయోలైటు అను ఖనిజమును సుమారు వేయి డిగ్రీలవద్ద ద్రవముగా మార్చిన, నీటిలో చక్కెరవలె అందులో అల్యూమినా కరగునని అతడు కనుగొనెను. మొదట మట్టిమూసలోని సిలికా అడ్డుతగిలి లోహము రాలేదు. మూసకు లోపల కర్బనపు పొర వేసిన పిదప, 1886 ఫిబ్రవరిలో చిన్న చిన్న లోహపు గుండ్లు లభించెను. అప్పటి కతనికి ఇరువదిరెండేండ్లు! అదే సంవత్సరమున ఫ్రాన్సులో అతని యీడువాడే యైన పాల్ హెరూ, ఇతనిని ఎరుగకయే, ఇదే మార్గమును కనుగొనెను. ఇరువురును పుట్టినది 1863లో, మరణించినది 1914లో. ఇది యాదృచ్ఛికమే యైనను మరపునకు రానిది.

నేటి కర్మాగారములలోని ఘటమును ఇదే పద్ధతిది. కర్బనపు పొర గల ఉక్కుతొట్టి అడుగున ద్రవలోహము చేరును. పైనుండి వ్రేలాడు కర్బనపు ఆనోడులవద్ద వెలువడు ఆక్సిజను ఆ కర్బనముతోనే కలిసి కార్బను డయాక్సైడగును. అందుచే ఆనోడులు క్రమముగా కరిగిపోవును, వాటిని మార్చుచుండవలెను.

ఇక ఫారడే నియమముతో లెక్క వేయుదము. ప్రతి అల్యూమినియము అయానునకు మూడు ఎలక్ట్రానులు కావలెను. కనుక 27 గ్రాములకు 96,500 కూలుంబులకు మూడు రెట్లు; కిలోకు ఇంచుమించు 2,980 ఆంపియరు గంటలు. ఘటముపై 4.2 వోల్టులుండిన, 12.5 యూనిట్లు. నష్టములతో కలిపి 13 మొదలు 15 వరకు అగును. ఇందు దాదాపు సగము వేడిమిగా పోవును.

కావుననే ఈ పరిశ్రమ ఖనిజముకంటె విద్యుత్తునే వెదకుకొనుచు పోవును. ఒడిశాలో నాల్కో సంస్థ బాక్సైటును శుద్ధిచేయునది కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో. లోహమును తీయునది బొగ్గుగనులకు చేరువనున్న అంగుల్‌లో. అచ్చట విద్యుత్తు కొన్ని గంటలు నిలిచిన చాలును, తొట్లలోని ద్రవము గడ్డకట్టును. పాత గిన్నెను కరగించుటకు మాత్రము కొత్తలోహమునకు పట్టు శక్తిలో ఇరువదవ వంతు చాలును. ఆక్సిజను బంధమును మరల త్రెంపనక్కరలేదు గదా!