ఒక రాజీనామాకు వేరే శీర్షిక అవసరమా?

ఒక వ్యక్తి జీవితంలో జరిగిన సంఘటనను విజ్ఞాన సర్వస్వంలో ఆయన జీవిత చరిత్రలోనే చెప్పాలా, విడిగా శీర్షిక పెట్టాలా? పోప్ 16వ బెనెడిక్ట్ రాజీనామాను ఉదాహరణగా తీసుకుని ఆలోచిద్దాం.

పోప్ అంటే రోమన్ కాథలిక్కులకు అత్యున్నత మత గురువు. సాధారణంగా ఆ పదవి జీవితాంతం ఉంటుంది. 2005లో పోప్ అయిన బెనెడిక్ట్, 2013 ఫిబ్రవరి 11న, 85 ఏళ్ల వయసులో, వాటికన్‌లో కార్డినల్స్ ఎదుట లాటిన్ భాషలో రాజీనామా ప్రకటించారు. వృద్ధాప్యం వల్ల ఆ బాధ్యతకు తగిన శక్తి తగ్గిందన్నారు. ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటలకు పదవి వదిలారు.

ఇంతేకదా, జీవిత చరిత్రలో ఒక పేరా చాలదా అని కొందరు అడగవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. ప్రతి రాజీనామాకూ శీర్షిక పెడితే చదివేవారు ఒకే విషయం కోసం రెండు చోట్ల వెతకాలి. కనుక మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. దానికి పూర్వ చరిత్ర ఉందా? ఉంది. 1294లో 5వ సెలస్టీన్ ఇష్టపూర్వకంగా తప్పుకున్నారు. 1415లో 12వ గ్రెగరీ రాజీనామా చేసింది, ముగ్గురు తామే పోప్‌లమంటున్న తగవు తీరడానికి. ఆ తర్వాత దాదాపు 600 ఏళ్లు ఏ పోపూ రాజీనామా చేయలేదు.

2. దానికి నియమాలున్నాయా? ఉన్నాయి. చర్చి చట్టంలోని 332వ నిబంధన ప్రకారం రాజీనామా స్వేచ్ఛగా చేయాలి, సక్రమంగా వెల్లడించాలి. దాన్ని ఎవరూ ఆమోదించనక్కరలేదు.

3. దాని ఫలితాలు ఆ వ్యక్తిని దాటి వెళ్లాయా? వెళ్లాయి. మార్చి 13న ఫ్రాన్సిస్ ఎన్నికయ్యారు. పదవి వదిలిన పోప్‌ను ఏమని పిలవాలి, ఆయన ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నలు వచ్చాయి. బెనెడిక్ట్ విశ్రాంత పోప్ అనే హోదాతో, 2022 డిసెంబర్ 31న మరణించేవరకు ఎక్కువ కాలం వాటికన్‌లోనే ఉన్నారు. ఆయన అంత్యక్రియలకు ఫ్రాన్సిస్ అధ్యక్షత వహించారు. ఫ్రాన్సిస్ మాత్రం 2025లో మరణించేవరకు పదవిలోనే కొనసాగారు. అంటే రాజీనామా ఆనవాయితీగా మారలేదు.

సెలస్టీన్ కథ, చట్ట నిబంధన, ఫ్రాన్సిస్ నిర్ణయం ఇవేవీ బెనెడిక్ట్ జీవిత చరిత్రలో ఇమడవు. కావున వేరే శీర్షిక సమంజసమే. జీవిత చరిత్రలో నాలుగు వాక్యాలు రాసి, ఆ శీర్షిక చూడమని సూచిస్తే సరిపోతుంది.

మిత్రులారా! శీర్షిక పెట్టేది పెద్దవారిని గౌరవించడానికి కాదు, చదివేవారికి దారి చూపడానికి. రేపు మనం నోట్సు రాసుకున్నా, మన హాస్టల్ చరిత్ర రాసినా పేరు ఎంత పెద్దదని చూడకుండా, ఈ మూడు ప్రశ్నలే వేసుకుందాం. అప్పుడు వార్డెన్ గారి బదిలీ కన్నా, తాగునీటి కోసం విద్యార్థులు పెట్టుకున్న అర్జీకే పెద్ద శీర్షిక దక్కవచ్చు.