వర్షమును పచ్చికయు

వాన కురిసినచో గడ్డి మొలచునని పసులకాపరి బాలునికిని దెలియును. ఎంత వానకు ఎంత గడ్డి యని యడిగినచో మాత్రము ఊహ చాలదు. కోసి, ఎండబెట్టి, తూచి, లెక్క కట్టవలెను. అట్టి లెక్కకే శాస్త్రజ్ఞులు గణిత నమూనా యని పేరిడిరి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రాకీ పర్వతములకు తూర్పున విశాలమైన పచ్చిక మైదానములు గలవు. పడమటి వైపున వాన స్వల్పము, గడ్డి పొట్టి. తూర్పునకు పోవుకొలది వాన హెచ్చును, గడ్డియు పొడవగును. 1988వ సంవత్సరమున ఓస్వాల్డో సాలా యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఈ ప్రాంతమందలి 9,498 స్థలముల దిగుబడిని పరిశీలించి యొక సూత్రమును ప్రకటించిరి. మన విద్యార్థులు పలకమీద చేయదగినంత సులభమైనది. ఏడాది వర్షపాతమును మిల్లీమీటర్లలో వ్రాసి, అందుండి 56 తీసివేసి, మిగిలినదానిని 0.6 చేత గుణింపవలెను. వచ్చిన ఫలము, ఒక చదరపు మీటరు నేలపై ఆ యేడు పెరుగు మొక్కల యెండుబరువు, గ్రాములలో. 356 మిల్లీమీటర్ల వాన గలచోట 180 గ్రాములు. 456 గలచోట 240. అనగా నూరు మిల్లీమీటర్లకు 60 గ్రాముల హెచ్చు.

నేల గుణమునుగూర్చియు వారొక వింత కనుగొనిరి. వాన 370 మిల్లీమీటర్లకు తక్కువైన చోట్ల ఇసుకనేలయే మేలు. అంతకు మించినచోట నీటిని పట్టియుంచు నేల మేలు. ఇసుకలో నీరు త్వరగా లోనికి దిగి, యెండకు ఆవిరి గాక తప్పించుకొనును.

ఇంత చక్కని సూత్రము చేత నుండగా, ఈ యేడు వాన నూరు మిల్లీమీటర్లు హెచ్చినచో మన పొలమునను 60 గ్రాములు హెచ్చునని యెవరైన తలపవచ్చును. అది పొరపాటు. విలియం లావెన్‌రోత్, సాలా గార్లు కొలరాడో రాష్ట్రమున ఒకే పచ్చికబయలునందు 52 సంవత్సరముల కొలతలను పరీక్షించి 1992లో తెలిపినదేమన, అచట నూరు మిల్లీమీటర్ల హెచ్చువానకు సగటున 13 గ్రాములే హెచ్చినవి.

ఇంత భేదమేల? తూర్పుప్రాంతమున తరతరములుగా మంచి వానలుండుటచే పొడుగుగడ్డి జాతులు స్థిరపడియున్నవి. కొలరాడో బయలున నున్నది బ్లూ గ్రామా యను పొట్టిగడ్డి. ఒక్క మంచియేడు వచ్చినంత మాత్రమున దాని జాతి మారదు, దుబ్బుల సంఖ్య ఒక్కసారిగా పెరుగదు. ఉన్న వేళ్లు త్రాగగలిగినంతే త్రాగును.

పశువుల యజమానికి ఇది పుస్తకపు చర్చ కాదు. మొదటి సూత్రమును నమ్మి మంచియేట మందను పెంచినవాడు గడ్డిని మొదలంట మేపివేయును. కరవుయేట నమ్మినవాడు అమ్మనక్కరలేని పశువులను గూడ అమ్ముకొనును.

శీతోష్ణస్థితి మారి హెచ్చువానలే పెక్కేండ్లు నిలిచినచో, పొట్టిగడ్డి స్థానమున పొడుగుగడ్డి వచ్చి మొదటి లెక్క నిజమగుటకు ఎన్ని సంవత్సరములు పట్టును? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము రెండు సూత్రములలో దేనియందును లేదు.