శీతకాలపు మిద్దె తోటలు: విత్తే తేదీని ఎండల నుంచి వెనక్కి లెక్కించడం

నగరాల్లోను, పట్టణాల్లోను మిద్దె తోటలు, పెరటి తోటలు పెంచేవారు సంఘాలుగా ఏర్పడి నెలకొకసారి సమావేశమై విత్తనాలు, నారు, అనుభవాలు పంచుకోవడం నేడు సాధారణమైంది. శీతకాలంలో ఈ సంఘాల నుంచి విస్తరణ శాస్త్రవేత్తలకు అందే ఫిర్యాదులు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. కాలీఫ్లవర్ మొక్క నిమ్మకాయంత పువ్వు వేసి ఆగిపోయింది. క్యారెట్ దుంప రంగు తేలక పీచుకట్టింది. బఠాణి పూత నిలవలేదు. సభ్యులు ఈ దోషాన్ని విత్తనానికో, ఎరువుకో ఆపాదిస్తారు. చాలా సందర్భాల్లో అసలు కారణం విత్తిన తేదీ. రెండు శీతకాలాలు వరుసగా ఇలా నష్టపోయిన గృహిణి మూడో ఏడాది ఆ కుండీల్లో మళ్ళీ విత్తనం వేయదు. అందువల్ల తేదీ సలహా ఇచ్చేవారి బాధ్యత చిన్నదేమీ కాదు.

తెలుగు నేలలో చలికాలం నిడివి తక్కువ. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలల్లో సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లోను, గరిష్ఠ ఉష్ణోగ్రత 28–29 డిగ్రీల వద్దను ఉంటాయి. ఫిబ్రవరిలో గరిష్ఠం 32 డిగ్రీలకు, మార్చిలో 35 డిగ్రీలకు చేరుతుంది. కోస్తాలో, ముఖ్యంగా విజయవాడ, విశాఖపట్నం ప్రాంతాల్లో, సముద్ర ప్రభావం వల్ల రాత్రులు మరో మూడు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. ఆదిలాబాద్ జిల్లాలో మాత్రం కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే రాత్రులు అరుదు కావు. చింతపల్లి, లంబసింగి వంటి ఏజెన్సీ ప్రాంతాలది మరీ ప్రత్యేకమైన చలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న నానుడి వాతావరణ గణాంకాలతో సరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఉన్న నూరు రోజులే శీతకాలపు పంటలకు దక్కే గడువు.

ఉత్తర భారత మైదానాలకు తయారుచేసిన విత్తన పట్టికలను యథాతథంగా అనువదించి పంచడం వల్ల చిక్కు వస్తుంది. ఢిల్లీలో మార్చి మొదటి వారం కూడా శీతకాలపు పంటకు అనుకూలమే. ఆ పట్టిక ప్రకారం హైదరాబాదులో నవంబరు చివర నారు పోస్తే పంట చేతికి రావలసిన రోజుల్లో మిద్దె మీద కాంక్రీటు కాలుతూ ఉంటుంది. చలి మొదలైన రోజు నుంచి ముందుకు లెక్కించే అలవాటును మాని, ఎండ ముదిరే రోజు నుంచి వెనక్కి లెక్కించే పద్ధతిని సంఘాలకు నేర్పించడం మేలు. తెలంగాణ మైదానాలకు ఫిబ్రవరి 10ని చివరి కోత తేదీగా తీసుకోవచ్చు. కోస్తాలో దానిని మరో పది రోజులు ముందుకు జరపాలి. ఆ తేదీ నుంచి పంట కాలాన్ని, నారు కాలాన్ని తీసివేయగా మిగిలేదే విత్తడానికి ఆఖరి గడువు.

కాలీఫ్లవర్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ లెక్క స్పష్టమవుతుంది. ఈ పంటలో రకాలను పువ్వు కట్టడానికి కావలసిన ఉష్ణోగ్రతను బట్టి వర్గీకరించారు. తొలికాలపు రకాలు 20–27 డిగ్రీల వద్ద, మధ్యకాలపు రకాల్లో ముందువి 16–20 డిగ్రీల వద్ద, వెనుకవి 12–16 డిగ్రీల వద్ద, స్నోబాల్ వర్గానికి చెందిన చివరికాలపు రకాలు 10–16 డిగ్రీల వద్ద పువ్వు కడతాయి. హైదరాబాదులో నడి చలికాలపు పగటి, రాత్రి ఉష్ణోగ్రతల సగటు 22 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది. అంటే పూసా దీపాలి వంటి తొలికాలపు రకాలకు అవసరమైన వేడిమే ఇక్కడి నడి చలికాలం. స్నోబాల్‌కు కావలసిన చలి ఈ మైదానాల్లో నిలకడగా దొరకదు. సంచి మీద తెల్లని పువ్వు బొమ్మ చూసి కొన్న స్నోబాల్ విత్తనం ఫిబ్రవరిలో వదులుగా, పసుపు తిరిగి, నూగు తేలిన పువ్వును ఇస్తే అది విత్తన నాణ్యతా లోపం కాదు, రకం ఎంపికలో జరిగిన లోపం.

తొలికాలపు రకానికి నారుమడిలో 28 రోజులు, నాటిన తరువాత 65 రోజులు పడుతుందనుకుంటే ఫిబ్రవరి 10 నుంచి వెనక్కి లెక్కించగా నాటవలసిన ఆఖరి తేదీ డిసెంబరు 7, విత్తవలసిన ఆఖరి తేదీ నవంబరు 9 అవుతాయి. రైతు భాషలో చెప్పాలంటే స్వాతి కార్తె దాటాక కాలీఫ్లవర్ నారు పోయరాదు. ఇది ఆఖరి గడువే తప్ప ఉత్తమమైన తేదీ కాదు. చిత్త కార్తెలో, అంటే అక్టోబరు నడిమి రెండు వారాల్లో, పోసిన నారుకు పువ్వు కట్టకముందే ఆకులు విస్తరించే వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి దొరకని మొక్కే నిమ్మకాయంత పువ్వుతో ఆగిపోతుంది. నలభై రోజులు దాటిన ముదురు నారు నాటడం, కుండీలో నత్రజని చాలకపోవడం కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. సంఘం సమావేశం ఆదివారానికి కుదరలేదని మరో రెండు వారాలు ట్రేలోనే నిలిచిపోయిన నారును ఉచితంగా పంచినా అది సభ్యులకు చేసిన మేలు కాదు.

ఇదే లెక్కతో గోల్డెన్ ఏకర్ క్యాబేజీకి నవంబరు తొలి వారం, క్యారెట్‌కు నవంబరు రెండో వారం, ఆర్కెల్ బఠాణికి అక్టోబరు చివరి నుంచి నవంబరు పదో తేదీ వరకు గడువు వస్తుంది. బీట్‌రూట్‌ను డిసెంబరు మొదటి వారం వరకు, ముల్లంగిని డిసెంబరు చివరి వరకు విత్తవచ్చు. మెంతి 25–30 రోజుల్లో, పాలకూర 30 రోజుల్లో, కొత్తిమీర 40 రోజుల్లో కోతకు వస్తాయి కాబట్టి వీటిని పదిహేను రోజులకొకసారి చొప్పున కనుమ పండుగ దాకా వేసుకోవచ్చు. డిసెంబరులో మొదటిసారి సమావేశమయ్యే సంఘానికి క్యాబేజీ నారు ఇవ్వకుండా మెంతి, ముల్లంగి విత్తనాలు ఇవ్వడమే సరైన సలహా. కాలీఫ్లవర్‌కు, క్యాబేజీకి సంబంధించిన సమావేశం జరగవలసింది సెప్టెంబరులో, వానలు ఇంకా వెనుదిరగకముందే.

క్యారెట్ విషయంలో మరో మాట. దుంప రంగు 15–20 డిగ్రీల మధ్య బాగా తేలుతుంది. నేల ఉష్ణోగ్రత అంతకంటే పెరిగే కొద్దీ రంగు పలచబడుతుంది. దుంప చీలిపోవడానికి కారణం వేరు. రాళ్ళు, మాగని పశువుల ఎరువు, లోతు చాలని కుండీ ఇందుకు దోహదం చేస్తాయి. క్యారెట్‌ను నారు పోసి నాటే పొరపాటు కొత్త సభ్యుల్లో తరచు కనిపిస్తుంది. నాటేటప్పుడు తల్లివేరు తెగినా, వంగినా సూటిగా దుంప ఊరదు. నేరుగా విత్తి, రెండంగుళాల ఎడం ఉండేలా పలుచన చేయాలి. బీట్‌రూట్‌లో మనం విత్తనమనుకునేది నిజానికి రెండు మూడు విత్తనాల గుత్తి. అందువల్ల అక్కడ కూడా పలుచన చేయడం తప్పనిసరి.

మిద్దె మీద తేదీ ఒక్కటే చాలదు, చోటు కూడా చూడాలి. పుష్యమాసపు పొద్దును పూస పొద్దు అంటారు. హైదరాబాదు అక్షాంశం వద్ద డిసెంబరు మూడో వారంలో పగటి నిడివి సుమారు 11 గంటలు. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ సమయంలో నాలుగడుగుల పిట్టగోడ నీడ దాదాపు మూడున్నర అడుగుల దూరం పడుతుంది. ఉదయం, సాయంత్రం మరింత సాగుతుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు దక్షిణపు పిట్టగోడ లోపలి పక్కన పెట్టిన కుండీలు డిసెంబరులో నీడలో మునిగిపోతాయి. టమాట, క్యాబేజీ, దుంప పంటలకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. కాబట్టి దసరా వెళ్ళగానే కుండీలను ఉత్తరపు గోడ వైపు మార్చి, ఆకుకూరలను నీడ పడే చోటికి తేవాలి. సంఘ సభ్యులు ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం మూడింటికి తమ మిద్దె మీద నీడ గీతలను సుద్దతో గీస్తే, ఉపన్యాసాల వల్ల రాని అవగాహన ఆ ఒక్క రోజులో వస్తుంది. విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం. దీనికి తోడుగా గరిష్ఠ–కనిష్ఠ ఉష్ణమాపకాన్ని మొక్కల ఎత్తులో ఉంచి రోజూ నమోదు చేస్తే, వాతావరణ కేంద్రపు అంకెలకు, మిద్దె మీది అంకెలకు మధ్య తేడా సంఘానికి సొంత లెక్కగా దక్కుతుంది. కుండీలోని మట్టి పరిమాణం తక్కువ కాబట్టి అది నేల కంటే త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది.

చలికాలంలో నీరు ఎక్కువై చనిపోయే కుండీలు ఎండి చనిపోయే వాటికంటే ఎక్కువ. ఆవిరయ్యే నీరు తగ్గినా వేసవి అలవాటు కొద్దీ రోజుకు రెండు పూటలా పోయడం ఇందుకు కారణం. వేరుకు గాలి అందక ఆకులు పసుపు తిరిగితే దానిని పోషక లోపంగా భావించి మరింత ఎరువు వేయడం రెండో పొరపాటు. వేలు రెండంగుళాల లోతుకు గుచ్చి, తడి తగలకపోతేనే నీరు పెట్టాలి. మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, మొదలు దగ్గర మాత్రమే పోయాలి. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రంతా ఆరవు. మజ్జిగ తెగులు, ఆకుమచ్చ తెగుళ్ళు ప్రవేశించడానికి ఆ తడే చాలు. సేంద్రియ ఎరువులు కుళ్ళి నత్రజని విడుదల కావడం కూడా చల్లని మట్టిలో మందగిస్తుంది. వేపపిండి, వర్మీకంపోస్టు నాటే రోజున కాక పదిహేను రోజులు ముందుగా మట్టిలో కలిపితే మొక్కకు అవసరమైన వేళకు అందుతాయి. కొబ్బరి పొట్టు ఎక్కువగా వాడిన మిశ్రమాల్లో కాలీఫ్లవర్‌కు బోరాన్ లోపించి కాడ లోపల డొల్ల పడవచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి ఒకసారి పిచికారీ చేస్తే సరిపోతుంది.

పురుగుల విషయంలో మిద్దె తోటకు, పొలానికి మౌలికమైన తేడా ఉంది. ఇంటివారు ఆకుకూరను ఏరోజుకారోజు కోస్తారు. మందు కొట్టాక కోతకు ఆగవలసిన వ్యవధి అక్కడ ఆచరణలో ఉండదు. కాబట్టి రసాయన పురుగుమందును సిఫారసు చేయకపోవడమే ఉచితం. చిక్కుడు, క్యాబేజీలపై చేరే పేనుబంకను తొలి దశలో నీటి ధారతో కడిగివేయవచ్చు. ఉధృతి ఉంటే లీటరుకు 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా సబ్బు కలిపి పిచికారీ చేయాలి. అక్షింతల పురుగులు కనిపిస్తే ఆ పిచికారీ కూడా రెండు రోజులు వాయిదా వేయడం మంచిది. క్యాబేజీలో డైమండ్ రెక్కల పురుగును ఆకర్షించడానికి పొలంలో ప్రతి 25 వరుసలకు రెండు వరుసల ఆవాలు వేయమంటారు, ఒకటి నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. మిద్దె మీద అదే సూత్రాన్ని రెండు ఆవాల కుండీలతో పాటించవచ్చు. పురుగు చేరిన ఆవ మొక్కలను సకాలంలో పీకి నాశనం చేయకపోతే ఆ కుండీలే పురుగుకు పుట్టిల్లవుతాయి. బఠాణి మీద వచ్చే బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు.

పూల మొక్కలకూ వెనక్కి లెక్కించే పద్ధతే వర్తిస్తుంది. గులాబీ కత్తిరించిన 45–50 రోజులకు పూస్తుంది. సంక్రాంతికి పూలు కోరేవారు నవంబరు చివరి వారంలో కత్తిరించాలి. చామంతి తక్కువ పగటి కాలపు మొక్క. రాత్రి చీకటి నిరాటంకంగా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం కింద పెట్టిన చామంతి ఏపుగా పెరిగినా పూయకపోవడానికి వెలుతురే కారణం, ఎరువులతో అది సరికాదు. మల్లెకు డిసెంబరులో నీరు ఆపి, ఆకు దూసి, జనవరిలో అడుగున్నర ఎత్తులో కత్తిరిస్తే వేసవి పూతకు సిద్ధమవుతుంది. పెరటి మామిడికి నవంబరు నుంచి పిందెలు బఠాణి గింజంత అయ్యేవరకు నీరు పెట్టరాదు. నిమ్మకు కూడా పూతకు ముందు వాడు పెట్టే ఆచారం ఉన్నదే. అయితే నెల రోజుల వాడు నేలలోని చెట్టుకు చెప్పినది. కుండీలోని నిమ్మ వారం రోజులకే చనిపోవచ్చు. ఆకు కొద్దిగా ముడుచుకోగానే కొంచెం నీరు ఇవ్వడం అవసరం.

జనవరిలో సంఘాలు చేపట్టదగిన మరో పని విత్తన సేకరణ. చిక్కుడు, మెంతి, టమాట విత్తనాలను ఇంట్లో కట్టుకోవచ్చు. స్నోబాల్ కాలీఫ్లవర్, క్యాబేజీ మాత్రం దీర్ఘకాలపు చలి తగిలితేనే గింజ కడతాయి. వాటి విత్తనం కులు లోయ వంటి కొండ ప్రాంతాల నుంచే రావాలి. తమ క్యాబేజీ గింజ కట్టలేదని బాధపడే సభ్యులకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

సంక్రాంతి తరువాత వేసవి పంటలకు ఏర్పాట్లు మొదలవుతాయి. బీర, సొర, కాకర విత్తనాలు చల్లని మట్టిలో ఆలస్యంగా మొలుస్తాయి, కుళ్ళిపోతాయి కూడా. వాటిని రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మొలకెత్తించి, చిన్న సంచుల్లో పెట్టి, ఎండ తగిలే గోడ వారగా ఉంచితే శ్రవణా కార్తె ముగిసే నాటికి రెండు మూడు ఆకుల మొక్కలు సిద్ధమవుతాయి. ఫిబ్రవరి 10న చివరి క్యాబేజీని కోసిన కుండీలో వేపపిండి, వర్మీకంపోస్టు కలిపి పక్షం రోజులు మాగనిచ్చి, వేళ్ళు కదలకుండా మట్టిముద్దతో సహా వీటిని నాటి, ఎండుటాకులు పరచాలి.