వేసవిలో కంప్యూటర్ ఆట ఎందుకు తడబడుతుంది?

నెల్లూరు జిల్లా మైపాడు తీరాన ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంట్లో ఒక మధ్యరకం కంప్యూటర్ ఉంది. జనవరిలో కారు పందెం ఆట హాయిగా నడిచింది. మే నెల మధ్యాహ్నం అదే ఆట కుదుపులతో సాగుతోంది. "ప్రాసెసర్ పాతబడింది, కొత్తది కొను నాన్నా!" అని అబ్బాయి పట్టుబట్టాడు. ఇది వేల రూపాయల మాట. కొనేముందు అసలు కారణం తెలుసుకోవద్దూ?

బొమ్మ వెనుక ఇద్దరు పనివాళ్లు

తెరమీద కారు నిజంగా కదలదు. సినిమాలో వలెనే నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సెకనుకు 60 చిత్రాలు రావాలంటే ఒక్కొక్క దానికి 1000 ÷ 60, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. కారు ఎక్కడుంది, ఎటు తిరుగుతోంది అని లెక్కకట్టేది ప్రాసెసర్. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు.

ప్రాసెసర్‌కు 20 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డుకు 12 మిల్లీసెకన్లు పట్టాయనుకోండి. అప్పుడు సెకనుకు 50 చిత్రాలకు మించి రావు. సోమశిలలో ఎన్ని గేట్లు ఎత్తినా, పంటకాలువ తూము ఇరుకైతే చివరి పొలానికి నీరు చాలదు కదా! ఇదీ అంతే. ఇరుకు ఎక్కడుందో అక్కడే సరిచేయాలి.

వేడి చేసే పని

ఉదాహరణకు రైజెన్ 5 5600 అనే ప్రాసెసర్‌ను తీసుకుందాం. దానిలో 6 కోర్‌లు ఉన్నాయి. దాని మూలవేగం 3.5 గిగాహెర్ట్జ్. పరిస్థితులు అనుకూలిస్తే 4.4 వరకూ పోతుంది. అంటే సెకనుకు 440 కోట్ల స్పందనలు! అయితే ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్ హద్దును తాకితే, తనను తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. వేగం 4.4 నుండి 3.5కు దిగితే, 16 మిల్లీసెకన్ల లెక్కకు సుమారు 20 పడుతుంది. 62 చిత్రాలు 50 అవుతాయి.

ప్రాసెసర్ వేడి గది వేడిమీద ఆధారపడుతుంది. గది 28 డిగ్రీల నుండి 38కి పెరిగితే, అదే పనిలో ప్రాసెసర్ కూడా దాదాపు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఫ్యాను ఎంత తిరిగినా గదిలోని గాలినే విసురుతుంది గాని దాన్ని చల్లబరచలేదు.

ఉప్పుగాలి సంగతి

తీరంలో మరో చిక్కు ఉంది. మీ వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూశారు కదా! గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు తేమను పీల్చుకుని కరగసాగుతుంది. సముద్రపు గాలితో వచ్చే సన్నని ఉప్పు రేణువులు దుమ్ముతో కలిసి, వేడిని వెదజల్లే లోహపు రేకుల మధ్య జిగటగా పేరుకుంటాయి. గాలికి దారి మూసుకుపోతుంది. ఉప్పుతేమ లోహాన్ని తినివేస్తుంది కూడా.

కారణం కనిపెట్టండి

ఆటలో ఒకే దృశ్యాన్ని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పది నిమిషాలు ఆడండి. గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వేగం, చిత్రాల సంఖ్య పట్టికలో రాయండి.

1. ఉష్ణోగ్రత హద్దును తాకి వేగం పడిపోతే, దోషం వేడిది.
2. వేగం పడిపోకుండా, తెర స్పష్టతను తగ్గించగానే చిత్రాలు పెరిగితే, ఇరుకు గ్రాఫిక్స్ కార్డులో ఉంది.
3. స్పష్టత తగ్గించినా చిత్రాలు పెరగకపోతే, ఇరుకు ప్రాసెసర్‌లోనో మెమరీలోనో ఉంది.

ఖర్చు లేని మందులు

వేడి దోషమైతే, ప్లగ్ తీసివేసి, పెద్దల సహాయంతో పొడి కుంచెతో దుమ్ము దులపండి. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. తడిగుడ్డ వాడవద్దు. పెట్టెను గోడకు ఆనించకండి, సముద్రంవైపు కిటికీ ముందు ఉంచకండి.

మెమరీ పలకలు ఒకటికి బదులు రెండు సరైన గాడులలో ఉంటే దారి 64 బిట్ల నుండి 128 బిట్లకు వెడల్పవుతుంది. 3200 వేగమని రాసి ఉన్న పలక చాలాసార్లు తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఎంచుకుంటే పూర్తి వేగం వస్తుంది. ఆట సమయంలో అక్కరలేని ప్రోగ్రాములను మూసివేయండి.

చివరగా ఒక భౌతికశాస్త్ర సూత్రం. వేగం మారకపోతే, ప్రాసెసర్ లోపలి మార్పిడులకు ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 1.2 వోల్టులను 1.1కి తగ్గిస్తే ఆ ఖర్చు, దానితో వేడి, సుమారు 16 శాతం తగ్గుతాయి. కాని మరీ తగ్గిస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. కనుక తెలిసినవారి పక్కన కూర్చుని, కొంచెం కొంచెంగా మాత్రమే ప్రయత్నించాలి.

ఇవన్నీ చేశాక కూడా మీ పట్టికలో అంకెలు మారకపోతే, అప్పుడు ఆ పట్టికనే నాన్నగారికి చూపించి కొత్త భాగం అడగండి. ఏ భాగం కొనాలో కూడా ఆ పట్టికే చెబుతుంది.

ఆలోచించండి: వోల్టేజిని 1.2 నుండి 1.0కి తగ్గించగలిగితే ఆ విద్యుత్ ఖర్చు ఎంత శాతం తగ్గుతుంది?

(జవాబు: సుమారు 31 శాతం)